రెండెజ్వస్‌లో రెండు

"ఆ పెన్సిలు కింద పెట్టు. పెడతావా, పెట్టవా?"

వీధి గుమ్మం దాటకముందే మా ఆడపడుచు గొంతు వినిపించింది. లోపలికి వెళ్లేసరికి ఆమె వంటింటి తలుపుకు వీపు ఆనించి, రెండు చేతులూ చాచి నిలబడి ఉంది. కొలతల టేపు మెడలో అలాగే వేలాడుతోంది. కుట్టు మిషను దగ్గర్నుంచి లేచి, ఉన్నపళాన వచ్చినట్టుంది.

ఎదురుగా మా అమ్మాయి. చేతిలో వాళ్ల నాన్న ఎర్ర పెన్సిలు.

"సమయానికి వచ్చావు వదినా. నీ కూతురి ఘనకార్యం చూడు. అన్నయ్య రాసినవన్నీ కొట్టేస్తోంది."

"కొట్టేయడం లేదత్తయ్యా. దిద్దుతున్నాను."

"దిద్దడానికి ఆయనేమైనా నీ దగ్గర చదువుకున్నాడా?"

నేను స్కూలు సంచీ కుర్చీలో పెట్టి గోడ వైపు చూశాను.

మా ఇంట్లో గోడలు ఖాళీగా ఉండవు. ఆయన ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవారు. అక్కడ కత్తిరించి పారేసే పొడుగాటి కాగితపు ముక్కలు ఇంటికి తెచ్చి, ఒక్కోదాని మీద ఒక్కో ఇంగ్లీషు మాట రాసి అంటించేవారు. పైన మాట. దాని కింద అర్థం. ఆ కింద ఆ మాట వాడిన వాక్యం. అట్టడుగున, తెలుగు అక్షరాల్లో, దాన్ని ఎలా పలకాలో. మామూలు మాటలు కావు, లావుపాటి పుస్తకాల్లోనూ సంపాదకీయాల్లోనూ కనిపించేవి. అద్దం చుట్టూ, స్విచ్చి బోర్డు పక్కన, వంటింటి తలుపు నిండా అవే.

తింటూ, తల దువ్వుకుంటూ, లైటు ఆర్పుతూ మా అమ్మాయి వాటిని నేర్చుకుంది. తను ఏది పలికితే అది తిరిగి పలుకుతుందని ఆయనే దానికి చిలక అని పేరు పెట్టారు. ఇరవై దాటినా ఆ పేరు పోలేదు.

ఆయన పోయాక ఆ మాటల్లో ఒక్కటి కూడా నేను నోటితో అనలేదు. చూసేదాన్ని, అంతే.

ఇప్పుడు చాలా చీటీల్లో అట్టడుగు వరస మీద సన్నటి ఎర్ర గీత ఉంది. పక్కన అంచులో, చిన్న అక్షరాల్లో, మరో పలుకు.

"పొద్దున ఏమైంది?" అని అడిగాను.

చిలక పెన్సిలు వేళ్ల మధ్య తిప్పింది.

"నేను చెబుతాను" అంది ఆడపడుచు. "ఆ రికార్డింగు వాళ్లు దీన్ని వెనక్కి పంపారు. ఆ కోపం పోయినాయన మీద తీర్చుకుంటోంది."

"వెనక్కి పంపలేదు. ఎల్లుండి మళ్లీ రమ్మన్నారు."

"అదే. మర్యాదగా పంపారు."

చూపు లేని విద్యార్థుల కోసం పుస్తకాలు పైకి చదివి రికార్డు చేసే సంస్థ అది. ఒకరు చదువుతుంటే వేలమంది వింటారు. కూర్చుని పుస్తకాలు చదవడం కూడా ఒక ఉద్యోగమని తెలిసిన రోజు నుంచి చిలకకు మరో ధ్యాస లేదు. ఆయన పోయిన తర్వాత అది నవ్వడం నేను మొదట చూసింది, పరీక్షకు రమ్మని కబురు వచ్చిన రోజే.

"కూర్చో. ముందు ఏదైనా తిను."

"తినను. ముందు విను" అంది చిలక. "గాజు గదిలో కూర్చోబెట్టారు. నేనూ, మైకూ. అవతలి గదిలో మిషను దగ్గర ఒకావిడ, పక్కన ఒక పెద్దాయన. ఆయనకి చూపు లేదు. అందరూ చెవుల మాస్టారు అంటారు. ఏ పుస్తకమైనా ఆయన విని సరే అంటేనే బయటికి వెళ్తుంది."

"ఊ."

"బాగానే చదివానమ్మా. సగం పేజీ దాకా ఎవరూ ఆపలేదు. అప్పుడు ఆయన, 'అమ్మాయీ, ఆ మాట మళ్లీ చదువు' అన్నారు. చదివాను. మైజిల్డ్."

మైజిల్డ్ అంటే మా ఇంట్లో తెలియనివాళ్లు లేరు. తప్పుదారి పట్టడం. కూరగాయలమ్మే అతను పుచ్చువి అంటగడితే మైజిల్ చేశాడనేవాళ్లం. మబ్బు చూసి గొడుగు మోసుకెళ్లిన రోజు ఎండ కాస్తే, మబ్బు మైజిల్ చేసిందనేవాళ్లం. మా హెడ్‌మిస్ట్రెస్ గారికి కూడా ఆ మాట ఒకప్పుడు నేనే అంటించాను. ఇప్పుడు స్టాఫ్ రూమంతా ఒకరినొకరు మైజిల్ చేసుకుంటున్నారు.

"స్పెల్లింగు అడిగారు. చెప్పాను. ఎం, ఐ, ఎస్, ఎల్, ఈ, డి. మిషను దగ్గరావిడ నవ్వు ఆపుకోలేకపోయింది. అది మైజిల్డ్ కాదమ్మా. మిస్‌లెడ్. లెడ్‌కి ముందు మిస్. అంతే. అంత చిన్న మాట."

ఆడపడుచు నా వైపు చూసింది. "మైజిల్డ్‌కేం వచ్చింది? బాగానే ఉందిగా."

"తర్వాత ఏ, డబ్ల్యు, ఆర్, వై. నేను ఔరీ అన్నాను. కాదట. అరై అట. ఎపిటోమ్ కాదు, ఇపిటమీ. తర్వాత..."

ఆగిపోయింది.

"తర్వాత?"

"రెండెజ్వస్."

ముగ్గురం అద్దం వైపు చూశాం.

ఆ చీటీ అద్దం పక్కన ఉంటుంది. అన్నిటికంటే పాతది. కాగితం టీ రంగుకు తిరిగింది. ఇద్దరు అనుకున్న వేళకు కలుసుకునే చోటు అని అర్థం. పెళ్లికి ముందు ప్రెస్సు వెనక గేటు దగ్గర మేం కలుసుకునే రోజుల్లో, ఆయన నాకు నేర్పిన మొదటి మాట. "మరిచిపోవడం కుదరదు. మాట మొదట్లోనే రెండు ఉంది, చూడండి" అన్నారు. అప్పట్లో నన్ను మీరు అనేవారు.

"అదెలా అనాలట?" అని అడిగాను.

"రాండెవూ."

మనసులో ఒకసారి అని చూశాను. అందులో రెండు లేదు.

"ఫ్రెంచి నుంచి వచ్చిన మాటట. సగం అక్షరాలు పలకరు."

"పలకని అక్షరాలు రాయడం దేనికి?" అంది ఆడపడుచు. "ఎవరూ తొడుక్కోని చేతులు నేను చొక్కాకి కుడుతున్నానా?"

చిలకకు నవ్వు రాబోయి ఆగింది. "చివర్లో ఆయన అడిగారు, ఇవన్నీ ఎవరు నేర్పారమ్మా అని."

"ఏం చెప్పావు?"

అది పెన్సిలు వంక చూసుకుంది. "ఎవరూ నేర్పలేదు, నేనే చదువుకున్నాను అన్నాను."

ఆడపడుచు చేతులు తలుపు మీంచి జారాయి.

"ఎవరూ నేర్పలేదా."

"అత్తయ్యా, నాన్న అని చెబితే ఆవిడ నాన్నని తలుచుకుని నవ్వేది. నన్ను చూసి నవ్వితే నవ్వనీ అనుకున్నాను."

"ఆయన్ని చూసే నవ్వనీవే. నీకు అసలు అలాంటివాడు లేడనడం కంటే నయం."

తరగతిలో పిల్లలు గొడవపడితే ఇద్దరి చేతులూ పట్టుకుని విడదీస్తాను. ఇక్కడ ఎవరి చెయ్యి పట్టుకోవాలో నాకు తెలియలేదు. వంటింట్లోకి వెళ్లి, కడిగిన గ్లాసునే మళ్లీ కడిగాను.

"ఇంకొక్క చీటీ మీద గీత పడిందంటే, అన్నీ ఊడదీసి మా ఇంటికి పట్టుకుపోతాను" అని ఆడపడుచు చెప్పుల చప్పుడు చేసుకుంటూ వెళ్లిపోయింది. మళ్లీ వెనక్కి వచ్చింది. బల్ల మీద మరిచిపోయిన కత్తెర తీసుకుని, ఎవరి మొహమూ చూడకుండా మళ్లీ వెళ్లింది.

నేను చెయ్యి తుడుచుకుని తలుపు దగ్గరికి వచ్చాను. దగ్గరగా చూస్తే, గీత ఎక్కడా మాటను ముంచేయలేదు. కింద ఉన్నది చదవడానికి వీలుగా ఉంది. అంచులో పెట్టిన గుర్తులు, వాటి వంపు, అన్నీ ఆయన పద్ధతే.

"ఈ గుర్తులు ఎప్పుడు నేర్చుకున్నావు?"

"నాన్న పక్కన కూర్చున్నప్పుడు." కాస్త ఆగి, "ఎంతమంది రాసింది నాన్న దిద్దాడమ్మా? నాన్న రాసింది ఎవరు దిద్దారు?" అంది.

తను రాసింది తను దిద్దుకోకూడదన్నది ప్రెస్సులో నియమమని ఆయన చెప్పేవారు. కన్ను కాగితం మీద ఉన్నది చూడదు, మనసులో ఉన్నదే చూస్తుంది. రెండో మనిషి కావాలి. ఈ మాటలకు ఆయనకు రెండో మనిషి దొరకలేదు. నాకు ఆయన చెప్పినంతే తెలుసు. చదువు మధ్యలో ఆగిపోయి, అచ్చులో చూసి చూసి నేర్చుకున్న మాటలు అవి. ఆయన వాటిని ఎవరి నోటా వినలేదు.

"ఇన్ని తప్పులా?" అని అడిగాను.

"అర్థం ఒక్కటీ తప్పు లేదు. వాక్యం ఒక్కటీ తప్పు లేదు. స్పెల్లింగు సంగతి చెప్పనే అక్కర్లేదు. నోటి దగ్గరే."

అద్దం పక్కకు వెళ్లాను. పాత చీటీలో 'రెండెజ్వస్' మీద కూడా గీత ఉంది. మిగతావాటి మీద ఉన్నట్టు గీత తిన్నగా లేదు.

"పెన్సిలు ఇటివ్వు."

"చెరిపేస్తావా?"

"లేదు."

కొట్టేసిన మాటను మళ్లీ ఉంచాలనుకుంటే, ప్రూఫులు దిద్దేవాళ్లు దాని కింద వరసగా చుక్కలు పెడతారు. ఉండనీ, అని అర్థం. ఆ గుర్తొక్కటే నాకు తెలుసు. చుక్కలు పెట్టాను.

చిలక నా భుజం మీదుగా చూసింది. "రెండూ ఎలా ఉంటాయమ్మా?"

"బయట ఒకటి. ఇంట్లో ఒకటి."

"అక్కడ కూర్చున్నప్పుడు పొరపాటున ఇదే వస్తే?"

నేను పెన్సిలు దాని చేతికి తిరిగి ఇచ్చాను.

మర్నాడు పొద్దున్నే ఆడపడుచు వచ్చింది. కాపలాకి వచ్చానంది. బట్టలు కూడా తెచ్చుకుని, గుమ్మం పక్కన కూర్చుని గుండీలు కుట్టడం మొదలుపెట్టింది. చిలక ఫోనులో డిక్షనరీ తెరిచింది. మాట నొక్కితే ఒక గొంతు పలికి వినిపిస్తుంది.

"ఈవిడెవరే?"

"ఎవరూ కాదత్తయ్యా. మిషను."

"మా అన్నయ్యని దిద్దేది మిషనా?"

"హైపర్బలీ" అంది ఫోను.

"పొద్దున్నే ఆ బలి మాటలేంటి, హాయిగా హైపర్‌బోల్ అనక."

"అతిశయోక్తి అని అర్థం అత్తయ్యా."

"అర్థం నాకు తెలుసు. మీ నాన్న నన్ను ఎన్నిసార్లు అన్నాడనీ. 'నువ్వు మాట్లాడితే అంతా హైపర్‌బోల్' అని."

"అరై" అంది ఫోను.

"చూశావా. ఔరీ అంటేనే పని చెడిపోయినట్టు వినిపిస్తుంది. అరై అంటే, ఏదో తడిబట్ట ఆరేసినట్టుంది."

చిలక ఈసారి నవ్వేసింది. ఆడపడుచు నవ్వలేదు కానీ, సూది నోట్లో పెట్టుకుని మొహం అటు తిప్పుకుంది.

పేజీ చదవడం మొదలైంది. నేను స్కూలుకు చీర సర్దుకుంటూ వింటున్నాను. మూడో వాక్యంలో చిలక నోటికి మైజిల్డ్ వచ్చేసింది. టక్కుమని కత్తెర చప్పుడైంది.

"ఏంటత్తయ్యా?"

"తప్పు. మిస్‌లెడ్."

"నీకు మైజిల్డే బాగుందన్నావుగా."

"బాగుండటం వేరు, పరీక్ష వేరు. చదువు."

సాయంత్రం నేను తిరిగి వచ్చేసరికీ కత్తెర మోగుతూనే ఉంది. ఔరీ పోయింది. ఎపిటోమ్ పోయింది. మైజిల్డ్ కూడా సర్దుకుంది. రెండెజ్వస్ ఒక్కటే పోలేదు. ఎన్నిసార్లు చదివినా ఆ మాట దగ్గరికి రాగానే చిలక పెదవులు 'రె'కు తిరిగేవి. ఆడపడుచు కత్తెర ఎత్తేది, అద్దం వైపు చూసేది, మోగించకుండానే దించేసేది.

"అది కూడా మోగించు" అన్నాను.

"నా చెయ్యి రావట్లేదు వదినా."

నేను కత్తెర తీసుకున్నాను. మళ్లీ 'రె' వచ్చింది. మోగించాను. ఇంకోసారి వచ్చింది. మోగించాను. లైట్లు వేసే వేళకు, మొదటిసారిగా, తడుముకోకుండా "రాండెవూ" వచ్చింది. చిలక పుస్తకం మూసి నా వైపు చూసింది. మెచ్చుకోవాలో, ఓదార్చాలో తెలియక, బల్ల మీద పెట్టిన పాలగ్లాసు చల్లారిపోతోందన్నాను.

పరీక్ష రోజు ఒక పూట సెలవు పెట్టి నేనూ వెళ్లాను. ఆడపడుచు వీధి చివరిదాకా వచ్చి, "తడబడితే కత్తెర గుర్తు తెచ్చుకో" అని చెప్పి ఆగిపోయింది.

గోడలకు మందపాటి బట్ట తాపడం చేసిన గది. మన అడుగుల చప్పుడు మనకే వినిపించదు. నన్ను తలుపు దగ్గర స్టూలు మీద కూర్చోమన్నారు. గాజుకు అవతల చిలక. ఇవతల మిషను దగ్గర ఒకామె, ఆమె పక్కన, చేతులు ఒళ్లో పెట్టుకుని, తల కొంచెం పక్కకు వంచిన పెద్దాయన.

చిలక చదివింది. మిస్‌లెడ్ దాటింది. అరై దాటింది. ఆ వాక్యం వచ్చింది. మాటకు ముందు చిన్న విరామం. నా చేతిలో లేని కత్తెర కోసం నా వేళ్లు బిగుసుకున్నాయి.

"రాండెవూ" అని, తర్వాతి మాటలోకి వెళ్లిపోయింది.

ఊపిరి వదిలాను. అదే సమయంలో మా ఇంట్లోంచి ఎవరో లేచి వెళ్లినట్టు కూడా అనిపించింది.

చెవుల మాస్టారు చివరిదాకా విన్నారు. తర్వాత ముందున్న మీట నొక్కి, "అమ్మాయీ, మొన్న ఎవరూ నేర్పలేదన్నావు" అన్నారు.

చిలక తల దించుకుంది.

"ఎవరికి వాళ్లే నేర్చుకుంటే ఒక మాట ఒకలా తప్పుతారు, ఇంకోటి ఇంకోలా తప్పుతారు. నీ తప్పులన్నీ ఒకే ఇంటివి. ఎవరో ఒక మనిషి కూర్చుని, ప్రతి అక్షరాన్నీ గౌరవించి పలికారు. ఎవరమ్మా ఆయన?"

చిలక గాజులోంచి నన్ను చూసింది. ఆ తర్వాత మిషను దగ్గరామెను చూసింది. మైకుకు దగ్గరగా జరిగింది.

"మా నాన్న. ప్రూఫులు దిద్దేవారు."

దిద్దేవారు అన్నచోట ఆయన తల ఇంకాస్త వంగింది.

"అదీ సంగతి. ఆయనకి కన్ను నేర్పింది. నాకు చెవి నేర్పింది. చెరో సగం దొరికింది మాకు" అన్నారు. "ఒకసారి పెద్ద ఆఫీసుకి నేనే టైపు చేసి అర్జీ పంపాను. అందులో ఈ రాండెవూ. ఆర్, ఓ, ఎన్, డి, ఏ, వి, చివర రెండు ఓలు. వాళ్లు ఆ కాగితం చేతులు మార్చుకుంటూ నవ్వుకున్నారట. మీ నాన్నగారు నా పక్కన ఉంటే ఆ తప్పు పోనిచ్చేవారు కాదు."

మిషను దగ్గరామె బల్ల మీద లేని దుమ్ము తుడిచింది.

"ఆయన దాన్ని ఎలా అనేవారో, ఇంకోసారి అను."

"సర్, వద్దు." చిలక గొంతులో భయం వినిపించింది. "చాలా కష్టపడి వదిలించుకున్నాను. అంటే మళ్లీ అదే వచ్చేస్తుంది."

ఆయన నవ్వారు. "నిజమే. నీ నోరు పాడు చేసుకోకూడదు. రేపటి నుంచి ఇక్కడ చదవాల్సిన నోరు."

ఆ మాట అర్థం కావడానికి చిలకకు కొంచెం సమయం పట్టింది. నాకూ పట్టింది. అది రెండు చేతులతో హెడ్‌ఫోన్లు పట్టుకుని అలాగే కూర్చుండిపోయింది.

ఆయన ఇంకా చెబుతున్నారు. "కానీ ఆ పలుకు నాకు కావాలి. స్పెల్లింగు మొత్తం అందులో వినిపిస్తోంది. మా పిల్లలు పెద్ద మాటల్ని విని నేర్చుకుంటారు, రాసేచోట తప్పుతారు. అసలు పలుకు ఒకసారి, రాసినట్టు పలుకు ఒకసారి, అర్థం, వాక్యం. అలాంటి మాటల పుస్తకం ఒకటి రికార్డు చేయాలని ఎప్పట్నుంచో ఉంది. అసలు పలుకు నువ్వు చదువుతావు. రెండోది చదివేదెవరు?"

చిలక మళ్లీ నా వైపు చూసింది.

"తలుపు దగ్గర ఉన్నదెవరు?" అన్నారాయన. "ఇందాకట్నుంచి ఊపిరి వినిపిస్తోంది. రాండెవూ దాటాక గట్టిగా వదిలారు."

"అమ్మాయి తల్లినండి. లెక్కల టీచర్ని. నాకు ఇంగ్లీషు అంతగా రాదు."

"ఇది లెక్కేనమ్మా. ఎన్ని అక్షరాలుంటే అన్నీ పలకాలి. ఒక్క మాట చాలు. మీ గొంతు వింటాను."

కాదనడానికి మర్యాదైన మాట ఒకటి వెతికాను. దొరికేలోగా చిలక తలుపు తీసి పట్టుకుంది.

కుర్చీ ఇంకా దాని ఒంటి వేడితోనే ఉంది. హెడ్‌ఫోన్లు పెట్టుకోగానే బయటి చప్పుడంతా పోయింది. మావారి గొంతు మా దగ్గర ఏ ఫోనులోనూ లేదు. నా చెవిలోనే ఉంది. ఆ మాట ఇప్పుడు నేను అంటే, ఇక చెవిలో మిగిలేది ఆయన గొంతు కాకుండా పోతుంది. నాది అవుతుంది.

రికార్డింగు మొదలైందని ఎర్ర దీపం వెలిగింది.

గాజుకు అవతల చిలక నిలబడి ఉంది. వేలు ఎత్తి గాజు మీద ఒక చుక్క పెట్టింది. పక్కన ఇంకొకటి. ఆ పక్కన ఇంకొకటి. వరసగా.

ఉండనీ.

చెవుల మాస్టారు తల పక్కకు వంచారు. ఆయనకు తొందరేమీ ఉన్నట్టు లేదు.

నోరు తెరిచాను. రెండు దాకా వచ్చి, ఆగాను.

దీపం ఇంకా వెలుగుతూనే ఉంది.